తొమ్మిదోసారి పోసిన నీళ్లు

"కాఫీలిచ్చి లోపలికొచ్చెయ్యమ్మాయ్, మగాళ్ల మధ్య నిలబడకు" అంది అత్తగారు శారదాంబ. రమాసుందరి తలూపి గ్లాసులు కడుగుతూనే ఉంది, చెవులు మాత్రం వసారాలో ఉన్నాయి. పొద్దున్నే విజయవాడ బస్సు దిగిన ప్రొఫెసరు శేషాచలంగారు అక్కడ కూర్చుని ఆమె మొగుడు రామమూర్తి రాసిన వ్యాసం చదువుతున్నారు. ఆయన సరేనంటే అది పత్రికకు వెళ్తుంది. దాని మీదున్న పేరు రామమూర్తి ఒక్కడిదే.

సొమ్మొకడిది, సోకొకడిది. వాల్తేరులో భూగర్భశాస్త్రం ఇద్దరూ కలిసే చదివారు, మార్కులు ఆమెకే ఎక్కువ. పెళ్లయ్యాక అతను లెక్చరరు, ఆమె తిరువూరులో కోడలు. నూనెబావుల్లోకి నీళ్లు పంపి నూనెని బయటికి నెడతారు కదా, అయినా బోలెడంత రాతిలోనే ఉండిపోతుంది, ఎందుకని? అదీ ప్రశ్న. డెబ్భై ఆరు ఎండాకాలమంతా వంటింట్లో ఇసుకరాతి ముక్కని గాజుగొట్టంలో లక్కతో బిగించి, దానికి కిరసనాయిలు పట్టించి, దూలానికి గ్లూకోజు సీసా వేలాడదీసి నీళ్లు వదిలింది రమాసుందరే. "మా కోడలు రాళ్లకి స్నానాలు చేయిస్తోంది" అని అత్తగారు వీధంతా చెప్పి నవ్వింది. "నీకూ పొద్దుపోతుంది, నా పనీ అవుతుంది" అన్నాడు మొగుడు. పొద్దుపోవడమట! ఇంటెడు చాకిరీ చేసే మనిషికి.

మొదట్లో కిరసనాయిలు బాగానే వచ్చేది, ఆ తర్వాత వట్టి నీళ్లు. రాతి సందుల్లో చుక్కలు తెగిపోయి దేనికది చిక్కుకుంటే నీళ్లు వాటిని నెట్టవు, పక్కదారి చూసుకుని పోతాయి. సీసా దూలం దాకా ఎత్తి కట్టినా అంతే. ఎనిమిదిసార్లూ అంతే. తొమ్మిదోసారి, ఒక శుక్రవారం అత్తగారి తలంటుకి కుంకుడుకాయలు పిసుకుతూ, ఆ నురగ చేతుల్తోనే లేచి వెళ్లి, రసం గుడ్డలో వడగట్టి సీసాలో కలిపింది. గంటలో మళ్లీ కిరసనాయిలు రాలింది. అంకెలన్నీ రాసింది గానీ కుంకుళ్ల సంగతి రాయలేదు, నవ్వుతారని. అతనూ అడగలేదు, అంకెలు ఎత్తిరాసుకున్నాడు.

"తొమ్మిదోసారి ఇంత నూనె ఎలా వచ్చిందయ్యా?" అన్నారు ప్రొఫెసరుగారు వసారాలో.

"సీసా ఇంకాస్త ఎత్తులో కట్టానండి."

"ఎత్తుతోనే రావాలంటే కొండమీద కట్టాలి. మీ దూలం ఎంతెత్తయ్యా? అంకెలు వండి వార్చలేదు కదా?"

రామమూర్తి ఇంటికప్పు కేసి చూశాడు. రమాసుందరి అప్పుడే కాఫీలతో గుమ్మం దాటింది. నోరు విప్పితే మొగుడి పరువు పోతుంది. విప్పకపోతే తన ఎండాకాలమంతా అబద్ధమైపోతుంది.

"కుంకుడు రసం కలిపానండి. నీటికీ నూనెకీ మధ్య బిగువు తగ్గితే చుక్క సాగి సన్న సందులోంచి కూడా జారిపోతుంది."

శేషాచలంగారు కళ్లజోడు తీశారు. "ఇదంతా చేసింది నువ్వామ్మా?"

రామమూర్తి గబుక్కున నవ్వాడు. "ఇంట్లో కాస్త సాయం చేసిందండి. చివర్లో కృతజ్ఞతలు చెబుదామనే అనుకుంటున్నా."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. లోపల్నుంచి "అమ్మాయ్!" అని అత్తగారి కేక. రమాసుందరి కదల్లేదు. గ్లాసులు బల్లమీద పెట్టి, ప్రొఫెసరుగారి పెన్ను అడిగి తీసుకుని మొగుడి చేతికిచ్చింది.

"అసలు నోటుబుక్కు నా పెట్టెలో ఉంది, తాళం నా దగ్గరుంది. పేర్లు మళ్లీ రాయండి. ముందు నాది."