రెండు కాపురాలు, ఒకటే పొయ్యి

పరాయి దేశంలో పాతికేళ్లుగా ఊరందరికీ గోడలు లేపిన పెద్దాయనకు తనదంటూ ఒక్క గోడ లేదు. చివరికి తమ్ముడితో కలిసి కాస్త స్థలం కొన్నాడు. అక్కడ స్థిరపడే హక్కు కాగితాలు తమ్ముడికే ఉన్నాయి కాబట్టి స్థలం తమ్ముడి పేరు మీదే పడింది. "అన్నదమ్ముల మధ్య నీదేంటి, నాదేంటి" అని ఆయనే అన్నాడు. ఇలాంటి మాటలు అనేవాళ్ల నెత్తినే లోకం చెయ్యి పెడుతుంది.

ఇల్లు కట్టాలంటే ముందు అనుమతి కావాలి. మొదటిసారి అనుమతులిచ్చే ఆఫీసుకు వెళ్లినప్పుడు కిటికీ వెనకాయన "ఇంట్లో ఎవరెవరుంటారు?" అని అడిగాడు. తమ్ముడు నోరు తెరిచేలోగా పెద్దాయన అందుకున్నాడు.

"ఇద్దరం అన్నదమ్ములం సార్. రెండు కాపురాలు. పొయ్యి మాత్రం ఒకటే!"

రొమ్ము విరుచుకుని మరీ చెప్పాడు. మనవాళ్లలో ఆ మాటకు పదిమంది మెచ్చుకుంటారు. అక్కడ దరఖాస్తు తిరగ్గొట్టారు. ఆ వీధిలో ఇంటికొక కుటుంబమే ఉండాలట. కుటుంబమంటే మొగుడూ పెళ్లాం పిల్లలూ. అన్న అందులోకి రాడట.

"పెంచిన అన్న కూడా రాడా?" అంది ఆయన భార్య. తల్లి పోయాక మరిదికి అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఆవిడది. ఆవిడకు నచ్చజెప్పడం ఆయన వల్ల కాలేదు.

తమ్ముడు ప్లాను మార్పించాడు. వెనకవైపు అన్నావదినల గది పోయి కారు షెడ్డు వచ్చింది. "కాగితం మీదే అన్నయ్యా, కట్టాక మనిష్టం" అన్నాడు. పెద్దాయన గంగిరెద్దులా తలూపాడు. తమ్ముడి మాటకు తలూపడం ఆయనకు ఎప్పుడో అలవాటైపోయింది.

రెండోసారి కిటికీ వెనక కొత్తావిడ ఉంది. ప్లాను అటూ ఇటూ తిప్పి చూసి, తమ్ముడి వెనక నిలబడ్డ మనిషిని చూసింది.

"ఈయనెవరు? మీ బంధువా?"

తమ్ముడు వెనక్కి తిరగనైనా లేదు.

"కాదండీ. మేస్త్రీ."

మేస్త్రీ అన్నది అబద్ధం కాదు. అందుకే పెద్దాయనకు ఒళ్లు మరింత మండింది. ఆవిడ ఆయన వైపు తిరిగి, "గడువులోగా కట్టేస్తావా?" అంది.

"కట్టేస్తానమ్మా" అన్నాడు. ముద్ర పడింది.

మెట్లు దిగుతుంటే తమ్ముడు ఆయన భుజం మీద చెయ్యేశాడు. "ఏమీ అనుకోకు అన్నయ్యా. పని జరగాలి కదా."

"ఏమీ అనుకోనురా. మరి కూలి ఎలా మాట్లాడుకుందాం? రోజుకా, గుత్తకా?"

తమ్ముడు పకపకా నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. జవాబు కోసం మెట్ల మీదే నిలబడ్డాడు.