వరుసలో బేబీరాణి వంతు

శుక్రవారం వచ్చిందంటే బేబీరాణికి పొద్దున్నుంచే ఏ పనిలోనూ మనసు నిలిచేది కాదు. ఆ మధ్యాహ్నం అండమాన్ బాంబూఫ్లాట్‌లో పాస్టరుగారి ఇంట్లో ఆడవాళ్ల ప్రార్థన. చాప మీద గుండ్రంగా కూర్చుని, కళ్లు మూసుకుని, వరుసగా ఒక్కొక్కరూ పైకి ప్రార్థన చెయ్యాలి. మిగతావాళ్లకు కుళాయి తిప్పినట్టు మాటలు వచ్చేవి. తన వంతు వచ్చేసరికి బేబీరాణి "ప్రభువా, స్తోత్రం, ఆమేన్" అని ముగించేసేది. చేపల బుట్ట దింపి నేరుగా ప్రార్థనకు వచ్చే యర్రమ్మ పక్కనే కూర్చుని గొంతు సవరించుకునేది. ఆ సవరింపు బేబీరాణికి గుచ్చుకునేది.

మొగుడు గణేష్ పడవ ఇంజను చెడి సముద్రంలో కొట్టుకుపోయినప్పుడు ఆమెతో కూర్చుని ఏడ్చింది ఈ ఆడవాళ్లే. అతను ప్రాణాలతో తిరిగొచ్చాక ఆమె యేసుప్రభువును నమ్ముకుంది. నమ్మకానికి లోటు లేదు, మాటలకే లోటు. పాస్టరుగారి భార్య రాజకుమారి ఓపిగ్గా నేర్పింది. ముందు స్తోత్రం చెప్పు, తర్వాత ఎవరికోసం అడుగుతున్నావో పేరు పెట్టి అడుగు, దేవుడి దగ్గర దాపరికం ఎందుకు, అంది. మంచి మాటే. ఎవరి దాపరికమో ఆవిడ చెప్పలేదు, ఈవిడ అడగలేదు.

బేబీరాణి ఇంటికి గోడ అవతలే సీతాలు ఇల్లు. పెళ్లయి ఎనిమిదేళ్లయినా సీతాలుకు పిల్లల్లేరు. అత్త కాళమ్మ నలుగురిలో గొడ్రాలని తిట్టినా బదులు చెప్పకుండా బిందె ఎత్తుకుని వచ్చేసేది. ఒకరోజు ఇద్దరూ పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి ఫెర్రీలో తిరిగొస్తుండగా, ఇంజను చప్పుడు చాటున సీతాలు ఆమె చెయ్యి పట్టుకుని అసలు సంగతి చెప్పింది. లోపం తనది కాదు, మొగుడు సూరయ్యది. డాక్టరు ఎప్పుడో చెప్పాడు.

"ఆయన జెట్టీలో తలెత్తుకు తిరగాల గదా. నన్నంటే అననీ. నీకు తప్ప ఎవులికీ సెప్పలేదే," అంది.

ఆ శుక్రవారం బేబీరాణి వంతు వచ్చింది. స్తోత్రం చెప్పింది. పేరు పెట్టి అడగాలి గదా, నోటికి సీతాలు పేరు వచ్చింది. పేరు వెనకే కన్నీళ్లు వచ్చాయి, కన్నీళ్ల వెనకే మాటలు. అత్త తిట్లు, సీతాలు ఓపిక, సూరయ్య లోపం, డాక్టరు మాట, ఒక్కటీ మిగల్చలేదు. చుట్టూ "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. యర్రమ్మ ఈసారి గొంతు సవరించుకోలేదు, ముక్కు చీదింది. చివర్న రాజకుమారి ఆమె తల నిమిరి, ఇవాళ నీకు ప్రార్థన వచ్చేసిందమ్మా, అంది. తప్పు చేశానన్న ఊహైనా లేదు మహాతల్లికి. ఆ రాత్రి బేబీరాణి హాయిగా నిద్రపోయింది.

నాలుగు రోజులు తిరక్కుండా సంగతి జెట్టీకి చేరింది. ఎవరు మోశారో వేరే చెప్పాలా? అయినా యర్రమ్మను తిట్టుకోవడానికి బేబీరాణికి నోరు రాలేదు. బుట్టలోకి ఎత్తింది తనే. గణేష్ అన్నం ముందు కూర్చుని చెప్పాడు, కుర్రాళ్లు సూరయ్యను చుట్టుముట్టి "క్యా భయ్యా, డాక్టరేమన్నాడు" అని నవ్వారట. అతను వల అక్కడే వదిలేసి వచ్చేశాడట. బేబీరాణి వడ్డిస్తున్న గరిటె కింద పెట్టేసింది. ఫెర్రీలో సీతాలు తన చెయ్యి పట్టుకున్న పట్టు గుర్తొచ్చి, సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

గోడ అవతలికి వెళ్లింది. సీతాలు తలుపు తీసి గడప దగ్గరే నిలబడింది. లోపల సూరయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నీ మేలు కోరే ప్రార్థన చేశానక్కా, అని బేబీరాణి గొణిగింది.

"అయితే ఇప్పుడు సెయ్యి," అంది సీతాలు గొంతు పెంచకుండా. "అక్కడ ఏటని సేసినావో ఇక్కడ సెయ్యి. అవే మాటలు. ఆయన కూడా ఇంటాడు."

బేబీరాణి గడప బయటే మోకరించింది. "ప్రభువా" అంది. కళ్లు మూసుకున్నా సూరయ్య వీపు కనబడుతూనే ఉంది. ఆ తర్వాత ఒక్క మాట రాలేదు. సీతాలు తలుపు రెక్క మీద చెయ్యి వేసింది.

"నాకోసమైతే నా ముందర ఎందుకు రాదే?" అని, తలుపు మెల్లగా వేసేసింది.

మళ్లీ శుక్రవారం వచ్చింది. ఎన్నడూ రానివాళ్లు కూడా వచ్చి చాప నిండిపోయింది. పాపం సీతాలు ఎలా ఉంది, ఆ అమ్మాయి కోసం ఇంకా ప్రార్థించాలి, అని యర్రమ్మ ముందే అందుకుంది. వరుస తిరిగి బేబీరాణి దగ్గర ఆగింది. అందరూ కళ్లు మూసుకుని, చెవులు తెరుచుకుని కూర్చున్నారు. ఈసారి ఆమెకు నేర్చుకున్న మాటలు రాలేదు, ఇంటి మాటలే వచ్చాయి.

"ప్రభువా, మొన్న నాను సీతాలక్క కడుపు పండాలని అడగలేదు. నాకూ ప్రార్థన వొచ్చని ఈలందరూ అనాలని అడిగినాను. అక్క దాచమని ఇచ్చింది, నాను పంచిపెట్టేసినాను. నన్ను..."

క్షమించు అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సీతాలు ఇంటి గడప ముందు తను మోకరించి కూడా ఆ మాట అనలేదని అప్పుడు గుర్తొచ్చింది. మేలు కోరానంది గానీ తప్పు చేశానని అనలేదు. ఆమేన్ చెప్పకుండానే లేచి బయటికి నడిచింది. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. రాజకుమారి తల దించుకుని కూర్చుండిపోయింది.

సీతాలు ఇంటి తలుపు వేసే ఉంది. బేబీరాణి తలుపుకు దగ్గరగా కూర్చుంది.

"అక్కా, తప్పయిపోయింది," అంది, లోపలికి తప్ప వీధికి వినబడని గొంతుతో.

అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది. తలుపు తెరుచుకోలేదు. బేబీరాణి అక్కడే కూర్చుంది.