హన్నమ్మగారి ఇన్సూరెన్సు

సఖినేటిపల్లి రేవులో పంటు నడిపే వీరబాబు రోజూ పొద్దున్నే హన్నమ్మ ఇంటి అరుగు దగ్గరికొచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని నాడి చూస్తాడు. సముద్రం పోటెత్తి గోదావరిలో నీళ్ళు పెరిగితే ఆవిడకి బీపీ పెరుగుతుంది. పాటుకి నీళ్ళు తీస్తే తగ్గుతుంది. నాడి చూసుకున్నాకే అతను పంటు మీదికి లారీ ఎక్కించాలో వద్దో తేల్చుకుంటాడు. పోటు మీదున్నప్పుడు ఆవిడ ఎవర్ని విసుక్కున్నా ఊళ్ళో పట్టించుకోరు.

ఇప్పుడా బీపీయే ఆవిడ ప్రయాణానికి అడ్డంపడింది. కూతురు నిఖిత ఐర్లండులో నర్సు. నెలలు నిండుతున్నాయి. మొదటి కానుపులో బిడ్డ దక్కలేదు. ఆ రోజున ఆ పిల్ల మంచం పక్కన అయినవాళ్ళెవరూ లేరు. అది తలుచుకుంటే హన్నమ్మకి ముద్ద దిగదు. ఈసారి కానుపుకి వెళ్ళి నెలల తరబడి అక్కడ ఉండాలంటే ఇన్సూరెన్సు లేకుండా కుదరదు.

భర్త బాబూరావు మాస్టారు రిటైరయినా ఎర్రపెన్ను వదల్లేదు. అమలాపురం నుంచి ఏజెంటు జాషువా తెచ్చిన పాలసీలన్నిటినీ పరీక్ష పేపర్లలా దిద్దిపారేశారు.

"దీంట్లో పంటి నొప్పికి ఇవ్వరుట. ఇదేమో ముందునుంచీ ఉన్న జబ్బులకి చెల్లదుట. అక్కడ కళ్ళు తిరిగి పడ్డావంటే ఇల్లమ్ముకోవాలి హన్నా."

ఆయన చెప్పేవన్నీ నిజాలే. అందుకే ఆవిడకి ఊపిరాడటం లేదు. అబద్ధాలైతే దెబ్బలాడేది. మాస్టారికి పొయ్యి వెలిగించడం చేతకాదు. ఆ మాట మాత్రం ఆయన ఎర్రపెన్నుకి ఎప్పుడూ దొరకలేదు.

చివరికి బీపీకి కూడా వర్తించే పాలసీ ఒక్కటి మిగిలింది. దానికి బీపీ అదుపులో ఉందని డాక్టరు రాసివ్వాలి. రెండుసార్లు వెళ్ళారు. రెండుసార్లూ నిండు పోటు వేళే.

"ఏం చేస్తాం, డాక్టరుగారు ఆ టైముకే ఖాళీట," అన్నారు మాస్టారు.

మూడోసారి పౌర్ణమి పడింది. "మధ్యాహ్నం వెళ్ళు, ఈలోగా నేను చేపలు పట్టుకొస్తాను," అని ఆయన పంటెక్కి నరసాపురం వెళ్ళారు.

డాక్టరుగారి గది రేవు ఒడ్డునే. కిటికీలోంచి చూస్తే గోదావరి మెట్లన్నీ మింగేసి ఉంది. హన్నమ్మ చెవుల్లో హోరు.

"ఇవాళ కూడా ఎక్కువొస్తే ఇంక కంపెనీ ఒప్పుకోదండి," అన్నాడు జాషువా, ఆవిడ మొహం చూడలేక.

"ఈ టైము తప్పితే మీకు కుదరదా డాక్టరుగారూ?"

"నేను పొద్దుట్నించీ ఖాళీగానే ఉన్నానండి. ప్రతిసారీ మాస్టారే ఏరికోరి ఈ టైము అడిగేరు."

కోపం హన్నమ్మ గొంతుదాకా వచ్చింది. కోప్పడితే నిఖిత మళ్ళీ ఒంటరిదే. పెళ్ళయి ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ గోదావరి ఎలా ఆడిస్తే ఆవిడ అలా ఆడింది. ఇవాళ కళ్ళు మూసుకుని, కూతురి తల నిమురుతున్నట్టు తన ఒళ్ళో చెయ్యి మెల్లగా రాసుకుంటూ కూచుంది.

"చాల్లే, ఇంక దిగు," అంది గోదావరితో.

డాక్టరుగారు చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టారు. "భేషుగ్గా ఉందండి," అని సంతకం పెట్టి, కిటికీలోంచి బయటికి చూశారు. "పంటు ఆగిపోయిందే!"

రేవులో మెట్లు అడుగుదాకా బయటపడి ఉన్నాయి. నది నడిమధ్య పంటు ఇసకమేట మీద కూచుంది. దాని మీద చేపల సంచీతో మాస్టారు. హన్నమ్మ ఫోను మోగింది.

"హన్నా, నువ్వు కోప్పడితే నీళ్ళొస్తాయంటున్నాడు వీరబాబు. ఒప్పుకుంటున్నాను, కావాలనే చేసేను. నువ్వెళ్ళిపోతే నేనెలా బతుకుతానని భయమేసింది. నీకు దణ్ణం పెడతాను, కాస్త కోప్పడు."

హన్నమ్మ కోపం కోసం లోపలంతా వెతికింది. ఎక్కడా దొరకలేదు. జాలి మాత్రం ఉంది, కానీ దానికి నీళ్ళు రావు.

"నాకు కోపమేం లేదండీ. ఎండలో నిలబడకండి, నీడకి వెళ్ళండి," అని ఫోను పెట్టేసింది.

జాషువా కాగితాలు ముందుకు జరిపాడు. "ఆరు నెలలకి రాసెయ్యమంటారా అండీ?"

"ఏడాదికి రాయి బాబూ," అంది హన్నమ్మ.