జారింది

"జారిందమ్మా. మళ్లీ ఆపరేషన్ చెయ్యాలి" అన్నాడు సర్జన్, గోడమీది ఎక్స్‌రే వైపు గడ్డం ఊపి.

పెద్దకూతురు ఎక్స్‌రే చూడలేదు. పక్కనున్న మరదలి మొహం చూసింది.

"ఇంట్లోనేనా డాక్టర్ గారూ?"

"ఇంటికెళ్లాకే. ఈ వయసులో ఎముక గుల్ల కదా" అని ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు.

ఇంకేం కావాలి? తుంటి విరిగిన తల్లికి రాడ్డూ స్క్రూ వేయించి తమ్ముడింట్లో పడుకోబెడితే, ఈ మహాతల్లి బాత్రూములో జారిపడనిచ్చి నోరు కుట్టేసుకుందన్నమాట! వరండాలోనే మరదల్ని కడిగేసింది. సర్జన్ ఆ పక్కనుంచే నడిచి వెళ్లాడు. నర్సులు పని ఆపి మరీ విన్నారు.

ఇంటికెళ్లి నేరుగా బాత్రూములో దూరింది. నేలమీద కొత్త రబ్బరు చాప.

"ఇదెప్పుడు కొన్నావమ్మా?"

"అత్తయ్యను తీసుకొచ్చేముందే వదినా."

"ముందో, పడ్డాకో!"

మంచంమీంచి తల్లి అరిచింది. "నేను పడలేదే పిచ్చిమొహమా! నొప్పి ఆసుపత్రిలో ఉన్నప్పట్నుంచే ఉంది. కొత్తల్లో అంతేలే అన్నారు."

కూతురు నమ్మలేదు. అన్నం పెట్టే మనిషికి భయపడి కప్పిపుచ్చుతోంది అనుకుంది. తమ్ముణ్ణి అడిగితే వాడు గోడమీది పిల్లి, పెళ్లాం వైపో చూపు, అక్క వైపో చూపు. "ఇకనుంచి అమ్మను నువ్వు ముట్టుకోకు. ఆపరేషన్ అయ్యాక మా ఇంటికే తీసుకుపోతా" అని తేల్చేసింది.

తల్లిని మళ్లీ అదే ఆసుపత్రిలో చేర్చారు. మరదలు వెంట వచ్చింది కానీ గది గుమ్మం దాటలేదు. సర్జన్ వచ్చాడు.

"అమ్మగారు నిద్రపోయారా? టిఫిన్ తిన్నారా? ఆయమ్మ వచ్చి పక్క మార్చారా?"

పోయారు, తిన్నారు, మార్చారు. పెద్దకూతురి చెవి అక్కడ ఆగిపోయింది. ఆయమ్మను కూడా 'మార్చారు' అనే మనిషి, మా అమ్మను పట్టుకుని 'జారింది' అంటాడా?

"డాక్టర్ గారూ, ఆవేళ జారింది అన్నారే, మా అమ్మనా?"

"అమ్మగారెందుకు జారతారు? స్క్రూ..." అంటూ ఆయన నాలుక కరుచుకున్నాడు.

"నేను నా మరదల్ని వరండాలో దులిపేస్తుంటే మీరు పక్కనుంచే పోయారు. వినబడలేదా?"

"మీ ఇంటి విషయాల్లో నేను..."

"మీ స్క్రూ మా ఇంటి విషయమా? మొదటి ఆపరేషన్ అవగానే తీసిన ఎక్స్‌రే పెట్టండి."

పెట్టాడు. తుంటిలోని బంతిలాంటి ఎముకలో స్క్రూ మొన నడిమధ్యన లేదు. పైఅంచును పట్టుకుని వేలాడుతోంది. ఆమెకు డాక్టరు చదువు లేదు, కళ్లున్నాయి.

"మధ్యలో కదా ఉండాలి?"

ఆయన ఫిల్ము దగ్గరికి వంగాడు. "కొంచెం పైకి పోయింది. సరిపోతుందనుకున్నాను."

అనుకున్నాడట! ముసలివాళ్ల ఎముక గుల్లదే, ఎవరు కాదన్నారు? గుల్లది కాబట్టే స్క్రూ సరైన చోట పడాలి. కోసేముందు తెలిసిన గుల్లతనం, చెడిపోయాక సాకు ఎలా అవుతుంది?

"ఆ ఫిల్ములు రెండూ ఇవ్వండి. ఇంకోచోట చేయించుకుంటాం."

సర్జన్ వెళ్లాక పెద్దకూతురు గుమ్మం దగ్గరికి వచ్చింది.

"లోపలికి రామ్మా. తప్పు నాది. నిన్ను నానా మాటలన్నాను."

మరదలు కదల్లేదు. "ముట్టుకోవద్దన్నారుగా."

"మీ పంచాయితీ తర్వాత పెట్టుకోండే!" అంది తల్లి. "నడుం మండిపోతోంది. ఎవరో ఒకరు పక్కకి తిప్పండి."

పెద్దకూతురు పరుగున వెళ్లి తొడ కింద చెయ్యి పెట్టింది. తల్లి కెవ్వుమంది. మరదలు గబగబా వచ్చి ఆ చేతిని తోసేసింది.

"అక్కడ పట్టుకుంటే ఆవిడ ప్రాణం పోతుంది. ముందు మోకాళ్ల మధ్య దిండు పెట్టండి."

ఆడపడుచు మొహం చూడకుండానే చెప్పింది. ఆడపడుచు దిండు తీసుకుంది.