మిరపకాయ చేతుల ఏడుపు

సినిమాలో తను కనపడతానని హనుమాయమ్మ ఊరంతా చాటింపు వేసుకుంది. వేసుకోదూ మరి? నిరుడు ఎండాకాలం ఆమె కూలికి వెళ్లే మిరప కల్లంలోనే నాలుగు రోజులు షూటింగ్ తీశారు. తొడిమలు తీసే ఆడవాళ్లలో ఆమెను ముందు వరసలో, హీరో పక్కనే కూర్చోబెట్టారు. మొగుడు యలమందయ్య మాత్రం నమ్మలేదు. "నీ మొహం చూట్టానికి ఎవడు టికెట్టు కొంటాడే?" అని నవ్వాడు. ఆ నోరు మూయించడానికే అతన్నీ, జట్టులోని ఆరుగురినీ చిలకలూరిపేట మార్నింగ్ షోకి లాక్కొచ్చింది.

సినిమా పాత చింతకాయ పచ్చడే. దళారి విలన్, వాడి వెనక పది సుమోలు, హీరోకి ఓ చెల్లెలు, ఆ పిల్లకో కష్టం. మూడో ఫైటుకి యలమందయ్య గురక పెట్టాడు. అయినా ఆ హీరోని చూస్తే తిట్టబుద్ధి కాదు. పక్కింటి కుర్రాడిలా ఉంటాడు.

ఇంటర్వెల్ తర్వాత కల్లం వచ్చింది. వానకు తడిసి బూజు పట్టిన కాయల ముందు హీరో కూలబడ్డాడు. వెనకాల జట్టులోని మదార్‌బీ వీపు కనపడింది. హనుమాయమ్మ కూర్చున్న వైపు కెమెరా తిరగనే లేదు. అప్పటికి నిద్ర లేచిన యలమందయ్య ఆమె వైపు చూసి ఏదో అనబోయాడు. సిగ్గుతో ఆమె ప్రాణం చచ్చిపోయింది.

అంతలో హీరో ఏడ్చాడు. నిరుడు షూటింగులో మొదటిసారి ఏడ్చినప్పుడు, కాయలు పట్టుకున్న చేత్తోనే కళ్లు తుడుచుకుని లబోదిబోమన్నాడు, పాపం. హనుమాయమ్మే చన్నీళ్లతో కడిగింది. "మేం ఏడిస్తే చేతులు దూరంగా పెట్టుకుని భుజానికి తుడుచుకుంటాం బాబూ" అని చేసి చూపించింది. చూపిస్తుంటే ఎందుకో నిజంగానే ఏడుపొచ్చింది. అతను రెప్ప వెయ్యకుండా చూశాడు.

ఇప్పుడు అలాగే ఏడుస్తున్నాడు. చేతులు రెండూ గాల్లో ఉన్నాయి. కళ్లు ఈ భుజానికీ ఆ భుజానికీ రుద్దుకుంటున్నాడు. ఈలలేసే హాలంతా నోరు మూసుకుంది. చచ్చిన సినిమా ఆ రెండు నిమిషాలూ బతికింది.

"ఏమే," అన్నాడు యలమందయ్య మెల్లిగా, "వీడు అచ్చం నీలాగే ఏడుస్తున్నాడు."

హనుమాయమ్మ చటుక్కున అతని వైపు తిరిగింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె ఏడ్చిందంతా కాయల కుప్పల చాటునే, ఎవరూ లేరనుకున్నప్పుడే.

"నువ్వెప్పుడు చూశావయ్యా?"

అతను మొహం ముందుకి తిప్పుకున్నాడు. తెర మీద నాలుగో ఫైటు మొదలైంది. అంత శ్రద్ధగా ఫైటు చూసే మగాణ్ణి ఆమె ఎన్నడూ చూడలేదు.