మసిచేతుల రక్కసి

నూనె అంటకుండా చేతులు బూడిదలో ముంచి, తవిటమ్మ మరో జీడిపిక్కను రాతి మీద పెట్టి కొయ్యతో ఒక్కటిచ్చింది. పెంకు విడిపోయింది. పప్పు తెల్లగా, విరగకుండా బయటపడింది.

పలాసలోని ఆ షెడ్డులో ద్వారం పక్క పీట ఆమెది. పెళ్లయి పక్క ఊరు పూండికి వచ్చిన ఏడు నుంచీ అక్కడే కూర్చుంటోంది. పెంకులోని నూనె పట్టి పట్టి చేతులు మణికట్టు దాకా నల్లబడ్డాయి. వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషను షాపులో వేలిముద్రల మిషను కూడా ఆమెను పోల్చుకోదు.

"సదువే గుంటా," అంది ఎదురుగా ఉన్న ఇంద్రజతో.

ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. చదువొచ్చిన పిల్ల చదువుతుంది. ఆమె కొట్టాల్సిన పిక్కల్ని మిగతా ఆడవాళ్లు తలా కాసిని పంచుకుంటారు. ఈసారి పొట్లాలకని కొన్న పాత కాగితాల్లో ఒక బొమ్మల పుస్తకం దొరికింది. కరువులో రాజు ధాన్యం కొట్లకు తాళాలేస్తే, మసిచేతుల రక్కసి వాటిని బద్దలుకొట్టి గింజలు ఊరికి పంచుతుంది. రాకుమారుడు వజ్రకేతు వచ్చి ఆమె చేతులు నరుకుతాడు. కథలో ఆమెకు దక్కినవి నాలుగంటే నాలుగు పేజీలు.

"రక్కసి సచ్చింది. అయిపోయింది," అంది ఇంద్రజ.

"ఏటయిపోయింది? అట్ట మీద ఎవుడి బొమ్మున్నాది?"

"వజ్రకేతుది."

"ఆడేటి సేసాడు? గుర్రమెక్కి తిరిగాడు. జనానికి తిండెట్టింది ఇది. అట్ట మీద దీని బొమ్ముండాల."

"కోరలున్నాయి కదప్పా దానికి," అంది నాగమణి.

"నాలుగు రోజులు పస్తుండు, నీకూ ఒత్తాయి."

షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వులోకే సూపర్‌వైజరు లోకనాథ్ గ్లౌజుల మూట మోసుకొచ్చాడు. సరుకు కొనేవాళ్లు వచ్చిన రోజే ఆ మూట విప్పుతారు. వాళ్ల కారు వెళ్లగానే మళ్లీ కట్టేస్తారు.

"తవిటమ్మప్పా, ఈ పూటకి ఎనక గోదాంలోకి ఎల్లు. నీ ఉబ్బిన సేతులు గ్లౌజుల్లో పట్టవు. సూత్తే ఆలు జడుసుకుంతారు."

కొయ్య ఆగింది. పోయినేడు ఎర్రమ్మనూ ఇలాగే ఒక్క పూటకని వెనక్కి పంపారు. ఆమె పీట మళ్లీ ఆమెకు దక్కలేదు.

"నానెల్లను బావూ. నా సోటిది."

"ఆ పుస్తకంలో రక్కసిలాగ మొండికెయ్యకు."

"మరి నాను అదే కదా," అంది తవిటమ్మ, ఇంకో పిక్క అందుకుంటూ.

మిగతావాళ్లు గ్లౌజులు తొడుక్కునేసరికి బయట కారాగింది. సరుకు కొనే పెద్దావిడ దిగి లోపలికొచ్చింది. లోకనాథ్ తవిటమ్మకు అడ్డంగా నిలబడ్డాడు. ఇంద్రజ చేతిలోని పుస్తకం ఒళ్లో పెట్టుకుని గ్లౌజులు తీసేసింది. నాగమణి తీసింది. ఆ వెనక వరసంతా తీసింది. ఎక్కడ చూసినా నల్లటి చేతులే. లోకనాథ్ ఎన్నింటికని అడ్డం నిలబడతాడు?

"చేతులెందుకలా అయ్యాయి?" అడిగింది పెద్దావిడ.

"మీరు తినే పప్పు తెల్లగుంతాది కదమ్మా," అంది తవిటమ్మ. "దాని నలుపు ఇక్కడుండిపోయింది."

ఆవిడ రుచి చూద్దామని తీసిన పప్పు నోటి దాకా పోలేదు. ఈ గ్లౌజులు రోజూ ఇస్తారా అని లోకనాథ్‌ని అడిగింది. అతను మూట కట్టే గుడ్డను వెనక్కి దాచుకున్నాడు.

కారు వెళ్లాక మూట కట్టడానికి చెయ్యి చాపాడు. మిగతా ఆడవాళ్లందరూ తీసేసిన గ్లౌజులు మళ్లీ తొడుక్కుని పని మొదలెట్టారు.

"ఇలాగియ్యండే."

"సేతులు నరుక్కెల్లు," అంది తవిటమ్మ.

ఈసారి నవ్వుకి రేకులు మోగాయి. లోకనాథ్ ఖాళీ గుడ్డ దులుపుకుంటూ వెళ్లిపోయాడు. ఆ గ్లౌజులు మళ్లీ మూటలోకి పోలేదు. చిరిగితే కొత్తవి వచ్చాయి.

కారు వచ్చిన ఆ సాయంత్రమే తవిటమ్మ రక్కసి ధాన్యం కొట్టు తలుపులు తెరిచే పేజీ చింపింది. పొట్లాల జిగురు రాసి అట్ట మీది వజ్రకేతు మొహం కప్పేలా అంటించింది, బొటనవేలితో గట్టిగా అదిమింది. పుస్తకం పీట మీద పెట్టి ఆటో ఎక్కింది. ఈ ఉద్దానం పల్లెల్లో చాలామందికి ఉన్న కిడ్నీ జబ్బే ఆమెకూ ఉంది. మర్నాడు డయాలసిస్‌కి వెళ్లాలి.

వెళ్లింది. మంచం మీద పడుకుని, నర్సుకి రక్కసి కథ చెబుతూ చెబుతూ కన్నుమూసింది.

ఆ పీట మీద షెడ్డులో ఆడవాళ్లెవరూ కూర్చోలేదు, వేరెవరినీ కూర్చోబెట్టనివ్వలేదు. దాని మీద బొమ్మల పుస్తకం అలాగే ఉంది. అట్ట నిండా రక్కసి, ఆమె పాదాల దగ్గర గీతల్లేని నల్లటి వేలిముద్ర.