రోజుకి రెండు మాత్రలు

మా కోడలు ఇందుకి మూడుసార్లు కడుపు నిలవలేదు. మూడూ మూడో నెల దాటకుండానే పోయాయి. తుమ్మపాల దగ్గర మాది చెరకు వ్యవసాయం. నాకు మాటలు తక్కువ. మా ఆవిడ అప్పలకొండమ్మ నా వంతు కూడా మాట్లాడుతుంది.

మూడోది పోయాక అనకాపల్లి డాక్టరమ్మ ఇందుతో పాటు మా అబ్బాయి నితీష్‌ని కూడా రక్తం ఇమ్మంది.

“మగోడి రగతం దేనికమ్మా? మోసింది ఇది కదా!” అంది మా ఆవిడ.

“బిడ్డ ఇద్దరిదీ కదా పెద్దమ్మా,” అంది డాక్టరమ్మ.

సూది చూడగానే నితీష్‌కి కళ్ళు తిరిగాయి. బెంచీ మీద పడుకోబెడితే ఇందు తన ఫైలుతో విసిరింది.

వాడి రక్తం బాగానే ఉంది. తేడా ఇందు రక్తంలోనే. కడుపుతో ఉన్నప్పుడు సన్నగా గడ్డకట్టి, బిడ్డకి అందాల్సింది అందనివ్వడం లేదట. పన్నెండు వారాలు ఆగి మళ్ళీ పరీక్ష చేశారు. అదే వచ్చింది.

“ఈసారి నెల తప్పగానే రండి. రక్తం పలచబడడానికి రోజూ ఒక చిన్న మాత్ర, పొట్టకి ఒక సూది. ఒక్క రోజు కూడా మానకూడదు,” అంది డాక్టరమ్మ.

దారంతా మా ఆవిడ గొణుగుతూనే ఉంది. “రగతం నీళ్ళలాగ పలచనైతే కడుపు జారిపోదేటి?”

ఇందు నాలుగోసారి నెల తప్పింది. సూది తనే పొడుచుకునేది. నితీష్ పక్కన నిలబడి గోడ మీది క్యాలెండర్ చదివేవాడు.

ఒక రోజు మాత్రల అట్ట కనిపించలేదు. ఇందు అలమరా అంతా వెతికింది. నితీష్ మంచం కిందకి దూరాడు. మా ఆవిడ మాత్రం బియ్యం డబ్బా మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఎప్పుడూ అక్కడ కూర్చోదు.

సూదుల జోలికి పోలేదు. సూదంటే బలానికే అని ఆవిడ నమ్మకం.

గొడవ చేస్తే చోటు మారుస్తుంది. అంతే.

గుండెకని నేను రోజూ ఒక చిన్న తెల్ల మాత్ర వేసుకుంటాను. ఇందుదీ అలాంటిదే. నా అట్ట, డాక్టరమ్మ చీటీ పట్టుకుని మందుల షాపు నానాజీ దగ్గరికి వెళ్ళాను.

“రెండూ ఒకటేనా?”

“ఒకటే మామా. పవరు కూడా అంతే. నీకు గుండెకి, కోడలికి బిడ్డకి.”

ఆ పూట నుంచి అన్నాలయ్యాక రెండు మాత్రలు విప్పేవాణ్ణి. ఒకటి నా నోట్లో. ఇంకోటి బెల్లం ముక్కతో పాటు పెరట్లో ఇందు చేతిలో. ఆ పిల్ల మాత్ర మింగి, బెల్లం చప్పరిస్తూ లోపలికి పోయేది.

మూడో నెల దాటింది. స్కానులో బిడ్డ గుండె టకటకా కొట్టుకుంది. మా ఆవిడ ఉప్మాక వెంకన్నకి దణ్ణాలు పెట్టింది.

తర్వాత ఒక పొద్దున్న నా అట్ట పట్టుకుని వచ్చింది. “ఏటయ్యా, నెల మాత్రలు పదేను రోజులకే అయిపోతన్నాయి! రోజుకి రెండేసి మింగుతన్నావేటి?”

“ఒకటి నాది. ఒకటి ఇందుది.”

ఆవిడ నోరు తెరిచింది. మాట రాలేదు. నలభై ఏళ్ళలో అది మొదటిసారి.

“మొదట్నించీనా?”

“ఊఁ.”

“మరి జారలేదేటి?”

“లేదు.”

లోపలికి వెళ్ళింది. డబ్బా మూత చప్పుడైంది. మోచేతి దాకా బియ్యప్పిండి అంటుకుని వచ్చి, అట్టని కొంగుతో తుడిచి ఇందుకి ఇచ్చింది.

“బియ్యానికి పురుగట్టకుండా ఏసేనే.”

“పట్టలేదు కదత్తా,” అని ఇందు నవ్వింది.

ఇప్పుడు ఏడో నెల. మాత్ర ఇచ్చే పని మా ఆవిడదే. ఇందు ఐదు నిమిషాలు ఆలస్యం చేస్తే ఆవిడ కేకలు చెరకు తోటలో ఉన్న నాకు వినిపిస్తాయి.